వై కాంబినేటర్ సహవ్యవస్థాపకుల సేవ: నాకు ఎలా పనికొచ్చిందంటే

గుంటూరు శీతల గిడ్డంగుల్లో ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ మాది. మొదటి భాగస్వామి నా చిన్ననాటి స్నేహితుడు. వాటాలు చెరిసగం, షరతులేవీ రాసుకోలేదు. ఎనిమిది నెలలకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. సగం కంపెనీ అతని పేరునే ఉండిపోయింది. తేరుకోవడానికి ఏడాది పట్టింది.

రెండోసారి ఈ సేవను ఆశ్రయించాను. కొత్త కంపెనీలకు పెట్టుబడి, శిక్షణ ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ నడిపే ఈ సేవ, కంపెనీ పెట్టాలనుకునే వాళ్లను భాగస్వాముల కోసం ఒకరికొకరిని పరిచయం చేస్తుంది. 2021లో మొదలైంది, ఉచితం. నాకు బాగా నచ్చినవి అది అడిగే ప్రశ్నలే. పూర్తి సమయం ఎప్పటి నుంచి ఇవ్వగలరు? వాటా గురించి మీ ఆలోచన ఏమిటి? చూసుకునేది అమ్మకాలా, ఇంజనీరింగా? స్నేహితుణ్ణి ఇవేవీ అడగలేదు నేను. మొహమాటం అడ్డొచ్చింది.

నలుగురితో మాట్లాడాను. నాలుగో ఆమె విజయవాడ ఇంజనీరు. సేవ పని పరిచయంతో సరి, మిగతాది మనమే తేల్చుకోవాలి. అందుకే వెంటనే మాట ఇచ్చుకోకుండా ఆరు వారాలు కలిసి ఒక చిన్న పని చేశాం: తూకం చీటీని ఫోటో తీస్తే వివరాలు వాటంతటవే నమోదు కావాలి. మార్చిలో సరుకు పోటెత్తిన రోజున సర్వర్ ఆగిపోయింది. ఆమె గిడ్డంగి గుమాస్తా పక్కనే కూర్చుని రాత్రి రెండింటి దాకా సరిచేశారు, ఒక్కసారీ విసుక్కోలేదు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

ఈసారి ఒప్పందం రాసుకున్నాం. వాటాలు ఒకేసారి కాక నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దఖలు పడతాయి, ఏడాది నిండకుండా వెళితే ఎవరికీ ఏమీ రాదు. ఆ షరతు నాకూ వర్తిస్తుంది. ఆమె మొదట అడిగిందీ అదే.

ఐదు నక్షత్రాలు.