తొలి నవలకు ఏ దారి మేలు: సొంత అచ్చా, ప్రచురణ సంస్థా, ప్రింట్ ఆన్ డిమాండా?

తెలుగులో తొలి నవల రాస్తున్నవారికి, రాత పూర్తి కాకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: దీన్ని ఎవరు వేస్తారు? ఇప్పుడు మన ముందు మూడు దారులున్నాయి. సొంత డబ్బుతో అయిదువందలో వెయ్యో ప్రతులు ఒకేసారి ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చు వేయించి షాపులకు ఇవ్వడం మొదటిది. ప్రచురణ సంస్థకు రాతప్రతి అప్పగించడం రెండోది. ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో కావలసినప్పుడు కావలసినన్ని ప్రతులు తీయించుకోవడం మూడోది. అమ్మకం ఒక్కటే చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ఎంచుకున్న దారిని బట్టే పుస్తకం ఎలా ముగుస్తుందన్నది కూడా తేలుతుంది.

సొంత అచ్చు మనకు కొత్త కాదు. ప్రచురణకర్త దొరకని కవులూ కథకులూ దశాబ్దాలుగా తమ పుస్తకాలను తామే వేసుకుంటున్నారు. ఈ దారిలో ఉన్న పెద్ద సౌకర్యం గడువు. సాధారణంగా డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతాయి కనుక, ఆ లోపు పుస్తకం చేతికి రావాలన్న పట్టుదల ఏళ్ల తరబడి నానుతున్న నవలను కూడా ఒక కొలిక్కి తెస్తుంది. అయితే పుస్తకాన్ని చెడగొట్టేదీ ఆ గడువే. ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడి, వక్తలను పిలిచేశాక, మిగిలిన మూడు అధ్యాయాలూ మూడు వారాల్లో తెమిలిపోతాయి. రెండు వందల పేజీల దాకా తీరిగ్గా నడిచిన పాత్రలు చివరి ముప్ఫై పేజీల్లో పరుగులు తీస్తాయి. ప్రూఫులు రచయితే చూసుకుంటారు, ఎవరి వాక్యంలోని తప్పు వారి కంటికి ఆనదు. పైగా ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ వాడే యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని, కంప్యూటరు మీద అచ్చుకు పేజీలు కట్టే డీటీపీ వారు చాలా చోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు చెదురుతాయి. దిద్దుబాట్లన్నీ ఆ ఫైలులోనే ఉండిపోవడం వల్ల, ఏడాది తర్వాత ఈ-పుస్తకం పెడదామంటే రచయిత దగ్గర మిగిలేది దిద్దని పాత ప్రతే.

ఇక డబ్బు సంగతి. లెక్క కోసం, 500 ప్రతులకు ప్రతికి 100 రూపాయల చొప్పున 50,000 ఖర్చయిందనీ, వెల 200 పెట్టారనీ అనుకుందాం. షాపు కమీషన్ 40 శాతం పోగా రచయితకు 120 వస్తుంది. అంటే 417 ప్రతులు అమ్ముడై, ఆ డబ్బంతా వసూలైతేనే పెట్టుబడి తిరిగొస్తుంది. అదే చేతి మీదుగా అమ్మితే 250 ప్రతులు చాలు. చాలా షాపులు అమ్ముడయ్యాకే లెక్క చూస్తాయి, ఆ లెక్క అడగడానికి ఊరూరా ఫోన్లు చేసేదీ రచయితే. సభలో ఉచితంగా పంచినవి పోగా మిగిలిన కట్టలు మంచం కిందకు చేరతాయి. అవి ఏ మంచం కింద ఎన్ని ఉన్నాయో రచయితలు తమలో తాము నవ్వుతూ చెప్పుకుంటారు గానీ బయట చెప్పరు.

ప్రచురణ సంస్థ దారిలో ఈ తిప్పలు రచయితవి కావు. రాయల్టీ సాధారణంగా వెలలో పది శాతం చుట్టూ ఉంటుంది; పై లెక్క ప్రకారం ప్రతికి 20 రూపాయలు. పుస్తకం షాపులకూ గ్రంథాలయాలకూ చేరే దారులు సంస్థకు ముందే ఉంటాయి. అయితే నా దృష్టిలో అసలు విలువ అమ్మకంలో కాదు, రాతప్రతిని చదివి "ఈ అధ్యాయం అక్కర్లేదు" అని చెప్పగల సంపాదకులు ఉండటంలో ఉంది. అలాంటివారు తెలుగులో తక్కువ. అచ్చు ఖర్చు రచయిత పెట్టుకుని సంస్థ పేరు మాత్రం అట్ట మీద వేసుకునే ఏర్పాటు అయితే, అది ప్రచురణ కాదు. సొంత అచ్చే, కాకపోతే కట్టలు మరొకరి గోదాములో ఉంటాయి.

ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఒక్కో ప్రతికి ఖర్చు ఎక్కువ. అది 150 అనుకుంటే, షాపు నుంచి వచ్చేది 120 కనుక, షాపుకు ఇచ్చిన ప్రతి పుస్తకం మీదా 30 నష్టం, కాబట్టి నేరుగా పాఠకులకే అమ్మాలి. పుస్తకాలు పంపేవారికి చవగ్గా ఉండిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలాశాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసింది. పుస్తకాలు పంపడానికి 2025 మే నెలలో తెచ్చిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. ఈ-పుస్తకానికి 2010లో మొదలైన కినిగె వంటి వేదికలు తెలుగులో వచ్చాయి. ఖర్చు స్వల్పం, తొలి రచయితకు రాబడీ స్వల్పమే.

అయినా తొలి నవలకు నేను మూడో దారినే సూచిస్తాను. వంద ప్రతులకు 15,000 అవుతుంది. సొంత అచ్చుకు పెట్టాలనుకున్న డబ్బులో ఇంకా 35,000 మిగులుతుంది; అందులో కొంత భాషా, కథనమూ రెండూ తెలిసిన ఒక ఎడిటరుకూ, మరొక ప్రూఫ్ రీడరుకూ ఇవ్వవచ్చు. వంద ప్రతులూ చెల్లిపోయి ఇంకా అడిగేవారుంటే అప్పుడు ఆఫ్‌సెట్‌కు వెళ్లవచ్చు. నవల కాకుండా స్థానిక చరిత్రల వంటి, గ్రంథాలయాలు కొనే పుస్తకాలకు మాత్రం సంస్థే మేలు.

మూడో దారిలో ఖర్చు కాక మిగిలే లోటు ఒకటి: గడువు ఉండదు, నవల ఎప్పటికీ ముగియకపోవచ్చు. ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికలో వారం వారం అధ్యాయాలు పెట్టడం కొందరికి ఆ లోటు తీరుస్తుంది, కానీ పాఠకులు చదివేసిన మొదటి అధ్యాయాన్ని తర్వాత మార్చడానికి చెయ్యి రాదు. అంతకంటే ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వంటి సంస్థలు నిర్వహించే నవలల పోటీల గడువు పెట్టుకోవడం నయం. పోటీకి పూర్తి రాతప్రతే పంపాలి. బహుమతి రాకపోయినా ఆ తేదీ నాటికి, ఎవరూ చదవని, ఇంకా ఎలాగైనా మార్చుకోగల ప్రతి చేతిలో ఉంటుంది, ఎడిటరుకు ఇవ్వవలసింది దాన్నే.