పిరనీస్ దాటే మొదటి రోజు: కొండ దారా, లోయ దారా?

స్పెయిన్‌లోని సాంటియాగో గుడికి కాలినడకన వెళ్లే క్రైస్తవ తీర్థయాత్రకి, అంటే సాంటియాగో యాత్రకి సిద్ధమయ్యేవాళ్లు ఎక్కువ టెన్షన్ పడేది మొదటి రోజు గురించే. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఫ్రాన్స్ వైపున్న సాన్ జాన్ పియే ద పోర్ అనే చిన్న ఊళ్లో పొద్దున్నే బయల్దేరి, పిరనీస్ కొండలు దాటి, సాయంత్రానికి స్పెయిన్‌లోని రోన్సెస్‌వాయెస్ చేరాలి. ఎటు వెళ్లినా దాదాపు 25 కిలోమీటర్లు. దారులు మాత్రం రెండు. కొండ మీద నుంచి వెళ్లేదాన్ని నెపోలియన్ దారి అంటారు. లోయలోంచి వెళ్లేది వాల్కార్లోస్ దారి. నేను మొదటిసారి స్నేహితులతో పై దారిన, రెండేళ్ల తర్వాత అక్కాబావలతో కింది దారిన నడిచాను.

ఏది అందంగా ఉంటుందని అడిగితే జవాబు తేలికే: పై దారి. పొద్దున మబ్బులు లోయలో పరుచుకుని ఉంటే మనం వాటి పైన నడుస్తుంటాం. గంటలు కట్టిన గొర్రెలు, గుర్రాలు దారికి అడ్డంగా మేస్తుంటాయి. తల మీద రాబందులు చుట్లు తిరుగుతుంటాయి. కొండ గడ్డిలో ఒక రాతి శిలువ, ఇంకోచోట గుట్ట మీద మరియమ్మ విగ్రహం. అక్కడ నిలబడి వెనక్కి చూసినప్పుడు, ఇంత దూరం నా కాళ్లతోనే వచ్చానా అనిపించింది. ఆ అనుభవాన్ని ఎవరికీ వద్దని చెప్పను.

కానీ దాని ఖరీదు తెలుసుకుని వెళ్లాలి. సాన్ జాన్ సముద్ర మట్టానికి 200 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. పై దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, లెపోయెదెర్ కనుమ, 1,400 మీటర్లు దాటుతుంది. అంటే ఒక్కరోజులో 1,200 మీటర్లకు పైగా ఎక్కుడు. అందులో మొదటి 8 కిలోమీటర్లు, ఒరిసోన్ అనే విడిది దాకా, చాలావరకు ఊపిరి తీసుకోనివ్వని తారురోడ్డు. ఒరిసోన్ దాటాక రోన్సెస్‌వాయెస్ దాకా ఊరు లేదు. సీజన్‌లో ఒక వ్యాన్‌లో టీ, అరటిపండ్లు అమ్మేవాళ్లు కనిపించవచ్చు, దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు.

మేం నలుగురం వెళ్లాం. ఒరిసోన్ దాకా కలిసే ఉన్నాం. తర్వాత పొగమంచు కమ్మింది, గాలి మొదలైంది. చలిలో ఆగితే ఒళ్లు బిగుసుకుపోతుంది కాబట్టి ఎవరి వేగాన వాళ్లు నడిచారు. ఇద్దరు ముందుకు వెళ్లిపోయారు. పిక్కలు పట్టేసిన మిత్రుడు గంట వెనకబడ్డాడు. సరిహద్దు దగ్గర రోలాండ్ పేరున్న నీటి ఊట పక్కన అతని కోసం నిలబడి, ఆ తెల్లటి మంచులో ప్రతి నీడా అతనేనేమో అని చూసిన నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ రోజు ఫొటోల్లో నలుగురం కలిసి ఉన్నది ఒక్కటే, ఒరిసోన్ బల్ల దగ్గర తీసింది.

అందుకే రెండోసారి వాల్కార్లోస్ అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఏటా అలిపిరి మెట్లు ఎక్కేదాన్నిరా, నాకిదొక లెక్కా?" అంది. ఎక్కడం గురించి కాదక్కా, దిగడం గురించి అన్నాను. తిరుమలలో పైకి ఎక్కాక దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. ఇక్కడ పైకి చేరాక, అలిసిన మోకాళ్లతోనే బీచ్ అనే రకం చెట్ల అడవిలో నిట్టనిలువు దిగుడు దిగాలి. వానపడితే ఆకులు, బురద, జారుడు. కుడివైపు ఇబన్యేతా కనుమ మీదుగా కొంచెం మెల్లగా దిగే దారి కూడా ఉంది. మోకాళ్లు బాగాలేని వాళ్లకి అదే మంచిది.

లోయ దారి "అసలు దారి కాదు" అనే మాట యాత్రికుల్లో వినిపిస్తుంది. అది నిజం కాదు, ఆ మాట విని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. 12వ శతాబ్దపు లాటిన్ యాత్రా గ్రంథంలోనే, కొండ ఎక్కడం ఇష్టంలేని యాత్రికులు చాలామంది షార్లమేన్ లోయ మీదుగా వెళ్తారని రాసి ఉంది. వాల్కార్లోస్ అంటే ఆ లోయే. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యం వెనక భాగాన్ని ఈ కొండల్లోనే, ఇక్కడి స్థానికులైన బాస్క్‌లు దెబ్బతీశారు. ఊటకి పేరున్న ఆ రోలాండ్, షార్లమేన్ సేనాని, చనిపోయింది అప్పుడే.

ఈ దారిలో లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల ఎన్-135 రోడ్డు అంచున నడవాలి. సన్నటి రోడ్డు, మలుపులు, వేగంగా వచ్చే మోటార్‌సైకిళ్లు. అక్కడ ఒకరి వెనక ఒకరుగా, మాట్లాడకుండా నడిచాం. పైగా సగం దారి దాకా సుఖంగా ఉందని మోసపోవద్దు. వాల్కార్లోస్ ఊరు దాటాక ఇబన్యేతా దాకా 700 మీటర్ల ఎక్కుడు ఉంది, అదీ మధ్యాహ్నం అలసట మీద.

అయినా ఆర్నెగీ దగ్గర వాగు దాటి స్పెయిన్‌లోకి అడుగుపెట్టడం, వాల్కార్లోస్‌లో బెంచీ మీద కూర్చుని రొట్టె, చీజ్, అక్క తెచ్చిన కారప్పొడి పంచుకుని తినడం పై దారిలో మాకు దొరకలేదు. ఇక నడవలేమనిపిస్తే ఆ ఊళ్లో రాత్రి ఆగవచ్చు, టాక్సీ పిలవవచ్చు. ఈ ఒక్క ధైర్యంతోనే అక్క నవ్వుతూ నడిచింది. ఇబన్యేతా దగ్గర పూర్వం పొగమంచు పట్టిన రోజుల్లో యాత్రికులకి దారి తెలియాలని గంట కొట్టేవారట. ఆ సంగతి తలుచుకోగానే నాకు మళ్లీ ఆ ఊట దగ్గరి నిమిషాలు గుర్తొచ్చాయి.

కాబట్టి నా మాట ఇది. ఒంటరిగా లేదా సమాన వేగం ఉన్న ఒకరిద్దరితో వెళ్తే, ఆకాశం తేటగా ఉంటే, పై దారి. వీలుంటే ఒరిసోన్‌లో ముందే పడక బుక్ చేసుకుని రెండు రోజులుగా విడగొట్టండి. గుంపులో పెద్దవాళ్లో, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లో ఉండి, రోజంతా వాళ్లతోనే నడవాలనుకుంటే లోయ దారి. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఈ ప్రశ్నే లేదు, పై దారిని స్పెయిన్‌లోని నవార్రా ప్రాంత ప్రభుత్వం మూసేస్తుంది. తెరిచి ఉన్న నెలల్లో కూడా సాన్ జాన్‌లోని యాత్రికుల ఆఫీసులో ముందు రోజే వాతావరణం అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

ఇంట్లోవాళ్లు రెండుగా చీలినా ఫరవాలేదు. మొన్న మా బావ తమ్ముడి కుటుంబం అలాగే చేసింది: పిల్లలిద్దరూ పైన, తల్లిదండ్రులు కింద. సాయంత్రం రోన్సెస్‌వాయెస్ గుడిలో యాత్రికుల కోసం చేసే ప్రార్థనకి నలుగురూ ఒకే బల్ల మీద కూర్చున్నారు, బూట్లు విప్పేసి, చెప్పులతో.