నాలుగేళ్లు వాడిన బీసీడీ: అన్నీ చూసి కొన్నాను, ఇన్‌ఫ్లేటర్ తప్ప

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు అయ్యాక సొంత సెట్ కొనేటప్పుడు నా బుర్రంతా రెగ్యులేటర్ మీదే. ఊపిరి దాంట్లోంచే కదా, భయమూ దాని మీదే. మాస్క్‌ల దగ్గరా ఓపిగ్గానే ఉన్నాను. పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, అదే నిలబడుతుందో లేదో ఒక్కొక్కటీ చూశాను. బీసీడీ, అంటే గాలి నింపుతూ వదులుతూ నీళ్లలో తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్, దాని దగ్గరికొచ్చేసరికి అద్దంలో చూసుకుని, జేబులు లెక్కపెట్టి కొనేశాను. 130 డైవ్‌లయ్యాయి. రెగ్యులేటర్ ఒక్కసారి కూడా సతాయించలేదు. గుండె నోట్లోకి తెచ్చింది ఈ జాకెట్టే, అదీ దాని బొత్తాం ఒకటి.

రెండో ఏడాది సంగతి. 14 మీటర్ల దగ్గర ఉన్నాం. కొంచెం కిందికి దిగిపోతున్నట్టనిపించి జాకెట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఒకసారి నొక్కి వదిలాను. వేలు తీసినా 'స్‌స్‌స్' మనే చప్పుడు ఆగలేదు. మొదట నాతో జతగా దిగిన బడ్డీ వదిలే బుడగలేమో అనుకున్నాను. జాకెట్ పక్కటెముకల చుట్టూ బిగుసుకుంటుంటే అప్పుడు వెలిగింది. గాలి వదిలే బటన్ నొక్కి పట్టాను. పోయేదెంతో వచ్చేదీ అంతే. కింద ఇసుక దూరమైపోతోంది, చేతికున్న కంప్యూటర్ ఒకటే మోత. దాని లెక్కలో నిమిషానికి 9 మీటర్లు మించకూడదు. అసలు చిక్కేమిటంటే, పైకి పోయేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి, జాకెట్‌లో అప్పటికే ఉన్న గాలి కూడా ఉబ్బుతుంది. 10 మీటర్ల లోతులో ఒక లీటరు ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. అంటే ఆలస్యం చేసిన కొద్దీ వేగం పెరుగుతుంది. ఊపిరి బిగపట్టకూడదన్న ముక్క మాత్రం బాగా గుర్తుంది, వదులుతూనే ఉన్నాను.

చెయ్యాల్సింది ఒకటే: ఇన్‌ఫ్లేటర్‌కి గాలి తెచ్చే హోస్ పీకెయ్యడం. హోస్ చివరున్న కాలర్ వెనక్కి లాగితే ఊడొస్తుంది. కోర్సులో, పూల్‌లో, నింపాదిగా ఒకసారి చేశాను. నా జాకెట్‌కి ఉన్న కాలర్ నున్నటి సన్న ఉంగరం. షాపులో తళతళలాడి ముచ్చటగా కనిపించింది. తడి వేళ్లకి రెండుసార్లు జారింది. మూడోసారికి పట్టు దొరికింది, చప్పుడు ఆగింది, భుజం దగ్గరి తాడు లాగి గాలి వదిలాను. ఈలోపు బడ్డీ నా ఫిన్ దొరకబుచ్చుకున్నాడు. చూస్తే 7 మీటర్లు. ఇద్దరం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, పైకి తేలి, జాకెట్‌ని నోటితో ఊదుకున్నాం. నాది నేను ఊదలేకపోతే సగం అతనే ఊదాడు.

సర్వీసుకిస్తే మెకానిక్ ఇన్‌ఫ్లేటర్ వాల్వ్ విప్పి అరచేతిలో పెట్టాడు. స్ప్రింగ్ చుట్టూ ఉప్పు తెల్లగా గడ్డకట్టింది, మధ్యలో రెండు మూడు ఇసుక రేణువులు. కడుగుతావా అన్నాడు. ప్రతిసారీ కడుగుతానన్నాను, నిజమే. కాకపోతే రెగ్యులేటర్ గురించి కోర్సులో ఒక మాట చెప్పారు: నీళ్లలో నానేసినప్పుడు దాని ముందున్న పర్జ్ బటన్ నొక్కకు, నీళ్లు లోపలికెళ్తాయి అని. ఆ మాట పట్టుకుని ఇన్‌ఫ్లేటర్ బటన్లు కూడా ముట్టుకోలేదు. దీనికేమో సరిగ్గా ఉల్టా! హోస్ తీసేసి, మంచినీళ్లలో ముంచి, బటన్లు నొక్కుతూ నీళ్లు పోనివ్వాలి. జాకెట్ లోపలికీ నీళ్లు పోసి, గిలకొట్టి, వంపెయ్యాలి. ఏడాదిన్నర పాటు నేను శ్రద్ధగా తోమింది పైన గుడ్డనే.

కాబట్టి తప్పంతా కంపెనీదే అనలేను. కానీ ఆ కాలర్ మీద కోపం మాత్రం పోలేదు. మొదటి ఏడాది ఈ జాకెట్ గురించి కనిపించిన వాళ్లందరికీ చెప్పి, ఇద్దరి చేత కొనిపించాను కూడా. సౌకర్యం విషయంలో ఇప్పటికీ అదే మాట. జేబులు మాత్రం, నిజం చెప్పాలంటే, ఖాళీగా ఉన్నప్పుడే బాగా తెరుచుకుంటాయి. వెల్‌క్రో మూడో ఏడాదికే పట్టు వదిలేసింది.

ఇన్‌ఫ్లేటర్ మొత్తం మార్పించాను. ఈసారి గరుకు అంచున్న పెద్ద కాలర్ అడిగి తీసుకున్నాను. కొత్తగా కొనేవాళ్లు షాపులో కాస్త సిగ్గు వదిలి చేతులు తడుపుకుని, సిలిండర్‌కి తగిలించి గాలి తెరిపించి, ఆ హోస్ ఒకసారి పీకి చూడండి. గాలి లేనప్పుడు ఏ హోసైనా తేలిగ్గానే వస్తుంది. గ్లవ్స్ వేసుకునేవాళ్లు గ్లవ్స్‌తోనే చూడాలి. వాల్వ్ విడిగా దొరుకుతుందో లేదో కూడా అడగండి.

అయితే నా పరిస్థితి వేరని గమనించాలి. నేను దిగేది వెచ్చటి నీళ్లలో, పల్చటి 3 ఎంఎం సూట్‌తో, ఏడాదికి మూడు నాలుగు ట్రిప్పులు. మధ్యలో నెలల తరబడి జాకెట్ అల్మారాలో ఎండుతుంది, ఉప్పు గడ్డకట్టడానికి అంతకంటే ఏం కావాలి. వారంవారం దిగేవాళ్లకి ఈ బాధ తక్కువేమో. ఏడాదికి ఒక్క ట్రిప్పయితే మాత్రం బీసీడీ జోలికే పోకుండా మాస్క్ ఒకటి కొనుక్కుని మిగతావి అద్దెకు తీసుకోమంటాను. అద్దె జాకెట్‌కైనా హోస్ పీకి చూడాల్సిందే.

ఇప్పుడు పడవలో ప్రతి డైవ్‌కీ ముందు కళ్లు మూసుకుని హోస్ పీకి మళ్లీ తగిలిస్తాను. బడ్డీ దీన్ని నా సంధ్యావందనం అంటాడు. మొన్నటి ట్రిప్పులో రెండోరోజు పొద్దున తగిలించగానే ఎక్కడో సన్నగా 'స్‌స్' మంది. అతనికి వినపడలేదట. నాకు వినపడింది. ఆ పూట నేను దిగలేదు.