చెన్నైలో పాత ఊరి గోడ చూసి వచ్చాం

నెల్లూరు నుంచి చెన్నైకి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. ఎప్పుడొచ్చినా టి. నగర్ బట్టల కొట్లు, లేకపోతే ఎవరో ఒకరి ఆసుపత్రి పని. ఈసారి పాత ఊరికి కట్టిన కోటగోడలో మిగిలిన ముక్క చూడాలనే రైలెక్కాను. పాత వాషర్‌మెన్‌పేటలో ఉండే మా పిన్నికి ఫోన్ చేసి చెబితే, "గోడేముందే అక్కడ? మాడి పూంగానే కదా నువ్వు చెప్పేది! మీ తమ్ముళ్ళు చిన్నప్పుడు సాయంత్రమైతే అక్కడే ఆడుకునేవాళ్ళు" అంది.

పిన్నిది ఒక్క గది ఇల్లు, అందుకని బస బయటే పెట్టుకున్నాను. మొదటి రాత్రి సెంట్రల్ పక్కన వాల్ టాక్స్ రోడ్డులో ఒక లాడ్జి. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, అదొక్కటే సుఖం. ఫోన్‌లో చెప్పిన అద్దె ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. దుప్పటి మార్చమని రెండుసార్లు దిగి రావాల్సి వచ్చింది. రాత్రంతా లారీల చప్పుడు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళకి అక్కడ దిగమని చెప్పను. రెండో రోజు ఎగ్మూరుకి మారాను. అద్దె కొంచెం ఎక్కువే అయినా గది శుభ్రంగా ఉంది, నిద్ర పట్టింది.

అయితే ఆ రోడ్డు పేరు చూడండి, వాల్ టాక్స్ అంటే గోడ పన్ను. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు, సంధి కుదిరాక 1749లో తిరిగి ఇచ్చారు. 1758 డిసెంబరులో తమ సేనాని లాలీ సైన్యంతో మళ్ళీ వచ్చి, ఊళ్ళోని ఇళ్ళను చాటు చేసుకుని రెండు నెలలు ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జి కోట మీద గుళ్ళు కురిపించారు. ఆ తర్వాత హైదరాలీ గుర్రపు దళాల భయం ఒకటి. కోట ముందు ఇళ్ళుంటే శత్రువుకి చాటు దొరుకుతుంది కదా, అందుకని ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడంతా మైదానం చేశారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటే మొదటి ఊరు. ఊరికి తల్లిలాంటి చెన్నకేశవస్వామి గుడి కూడా ఇలాంటి కూల్చివేతలోనే పోయింది, తర్వాత పూల బజారు దగ్గర మళ్ళీ కట్టారు. జనం ఉత్తరంగా జరిగిన కొత్త ఊరికి ఉత్తరాన, పడమటన గోడ లేపారు. తూర్పున సముద్రం, దక్షిణాన కోట ఎలాగూ ఉన్నాయి. కాంట్రాక్టు పాల్ బెన్‌ఫీల్డ్ అనే ఇంజనీరుది. ఖర్చు ఊరివాళ్ళ దగ్గరే పన్నుగా రాబట్టాలనుకున్నారు గానీ అది సాగలేదంటారు. పన్ను పోయి పేరు మిగిలింది. ఆ గోడకున్న వాకిళ్ళలో ఒకటి ఏనుగు వాకిలి. వాకిలి ఎప్పుడో పోయినా ఆ పేటని ఇప్పటికీ యానైకవుని అనే అంటారు.

పొద్దున్నే పిన్నితో కలిసి మాడి పూంగాకి వెళ్ళాను. వాషర్‌మెన్‌పేట మెట్రోలో దిగి ఆటో మాట్లాడుకుంటే చాలు. డ్రైవరుకి 'కోటగోడ' అంటే తెలియలేదు, 'మాడి పూంగా' అనగానే తిప్పాడు. మాడి అంటే తమిళంలో మేడ, పూంగా అంటే పార్కు. గోడ మీదే పార్కు కాబట్టి ఆ పేరు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మెట్లెక్కే ముందు కింద నిలబడి గోడని తడిమి చూశాను. ఇటుకలు మన ఇప్పటి ఇటుకల కంటే పలచన, మధ్యలో సున్నం. ఒక చోట రావి మొక్క వేరు చూపుడు వేలంత లావున రెండు వరసల మధ్య దూరి, పై ఇటుకని బయటికి నెడుతోంది. అది చూస్తే గుండె కలుక్కుమంది. ఆ వేరు పెరిగితే ఆ వరస నిలవదు, ఎవరైనా వెంటనే పీకించాలి.

మధ్యాహ్నం ప్యారిస్ కార్నర్ దగ్గర డేర్ హౌస్ అనే భవనం పక్కన ఉన్న రాతి స్తంభం చూశాం. మైదానం హద్దు ఇక్కడిదాకా, దీన్ని దాటి ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు నాటితే ఇదొక్కటే మిగిలింది. ఆ దారిన ఎన్నిసార్లు బస్సు మారానో, ఒక్కసారీ కంటపడలేదు.

సెయింట్ జార్జి కోటకి మాత్రం పూట కేటాయించండి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు మరిచిపోవద్దు. మ్యూజియం శుక్రవారం సెలవు. టిప్పు కొడుకుల్ని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌కి అప్పగించిన దృశ్యం చెక్కిన విగ్రహం అక్కడే ఉంది. కోట బురుజుల కంటే నాకు మాడి పూంగాయే నచ్చింది. కోట కంపెనీవాళ్ళ కోసం కట్టుకున్నది, ఆ గోడ వెనక దాక్కున్నది ఊరి జనం. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇంగ్లీషువాళ్ళకి చోటిచ్చి, తండ్రి చెన్నప్ప పేరు ఊరికి పెట్టించిన నాటి నుంచి మనవాళ్ళు ఆ వీధుల్లో ఉన్నారు.

సాయంత్రం ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో సీనా భాయ్ దగ్గర నేతి ఇడ్లీ, ఉల్లి ఊతప్పం తిన్నాం. నిలబడే తినాలి, రద్దీ ఎక్కువే, అయినా వదులుకోవద్దు.

తిరిగి వెళ్తూ పాత జైలు రోడ్డులో ఆగి, గోడ ఈ వరసనే సాగేదని చూపించాను. పిన్ని అటూ ఇటూ చూసి, "అంటే మా ఇల్లు గోడకి బయటన్నమాట" అంది. "అవును పిన్నీ, అప్పట్లో అదంతా చాకళ్ళు బట్టలారేసుకునే చోటు" అన్నాను. ఇంటికి చేరేదాకా ఆ రోడ్డుకి ఏ పక్కన నడుస్తున్నామో చూసుకుంటూనే ఉంది.