కాటేదాన్ ప్లాటులో ఆవ, వట్టివేరు: నేల శుద్ధి సేవపై సమీక్ష

ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టిన షెడ్డు ఉన్న హైదరాబాద్ కాటేదాన్‌లోని మా స్థలంలో, మొక్కల సాయంతో సీసం వంటి భారలోహాలను తొలగిస్తామన్న నగరంలోని ఒక సంస్థకు పని అప్పగించాం. వారి పనిలో ముందుగా మెచ్చుకోవలసింది నేల పరీక్ష. స్థలాన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ పైపొర నుంచి, అడుగు లోతు నుంచి వేర్వేరుగా మట్టి తీసి, మొత్తం సీసంతో పాటు వేర్లకు అందే సీసం ఎంతో కూడా ల్యాబ్‌లో తేల్చారు. ఈ రెండో అంకె లేని రిపోర్టును నమ్మి ఎవరూ డబ్బు కట్టకూడదు. సీసం మట్టి రేణువులకు గట్టిగా అంటుకొని ఉంటుంది కాబట్టి, నేలలో ఎంత ఉన్నా మొక్కకు చేరేది కొంచెమే.

చిక్కంతా గడువు దగ్గర వచ్చింది. ఆవ మొక్కలు సీసాన్ని పీల్చుకుంటాయి గనుక మూడు ఆవ పంటలతో నేల శుభ్రపడుతుందని ఒప్పందంలో రాశారు. ఎకరం నేలలో పైన 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 1,000 టన్నులు ఉంటుంది. అందులో కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం తగ్గాలంటే 100 కిలోల సీసం బయటికి రావాలి. ఎండిన ఆవ మొక్కలు 4 టన్నులు వచ్చి, వాటిలో కిలోకు 200 మిల్లీగ్రాములు పేరుకున్నా, ఒక కోతకు వెళ్లేది 800 గ్రాములే. ఇది మూడు పంటలతో తెమిలే పని కాదు. ఈ లెక్క ముందుంచితే, మట్టికి అంటిన సీసాన్ని కరిగించే ఈడీటీఏ అనే రసాయనం కలిపి వేగం పెంచుతామన్నారు. దానివల్ల మొక్క ఎక్కువ పీల్చుకునే మాట నిజమే గానీ, కరిగి మిగిలిపోయిన సీసం వానలకు కిందికి దిగుతుంది. చుట్టూ బోర్లున్న చోట అది ప్రమాదం గనుక మేం ఒప్పుకోలేదు.

కోత విషయంలో మాత్రం వారి శ్రద్ధ గొప్పది. ఆవకూర అనుకొని ఎవరైనా కోసుకుపోకుండా చుట్టూ జాలీ కట్టారు. కాయ పట్టకముందే మొక్కలను వేర్లతో సహా పీకి, సంచుల్లో తూకం వేసి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపి రసీదు ఇచ్చారు. మూసీ వెంట మురుగునీటితో పెరిగిన గడ్డి గేదెల మేతకు చేరే ఈ నగరంలో, ఇంత జాగ్రత్త తీసుకునేవారు కావాలి.

ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ గురించి ఫ్లోరిడా శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. సీసాన్ని అంత సులువుగా పైకి లాగే పంట మన చేతిలో లేదు. అందుకే ఒప్పందం మార్పించి వట్టివేరు నాటించాం. దాని వేర్లు 3 మీటర్ల వరకు దిగగలవు, లోహాలను చాలావరకు వేర్లలోనే ఆపుతాయి, మట్టిని పట్టి ఉంచి దుమ్ము లేవనివ్వవు; సీసం పిల్లల నోటికి చేరేది ముఖ్యంగా ఆ దుమ్ముతోనే. సీసం కన్నా సులువుగా మొక్కలోకి చేరే కాడ్మియం అనే లోహం పైపొరలో కొద్దిగా ఉన్న స్థలాలకు ఈ సంస్థను నేను సిఫార్సు చేస్తాను. సీసం ఉన్నవారు తొలగింపు కోసం కాకుండా, నేలను కప్పి ఉంచే పని కోసమే పిలవాలి, ఏటా మట్టి పరీక్ష చేయిస్తామన్న షరతు ఒప్పందంలో రాయించుకోవాలి.