పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి మార్చే స్టూడియో, విజయవాడ
విడాకులయ్యాక అమ్మవాళ్లింటి అటక మీద పడున్న క్యాసెట్లన్నీ గవర్నర్‌పేటలో ఒక చిన్న స్టూడియోకి ఇచ్చాను, పని చాలా బాగా చేశారు. మీ దగ్గరా ఉంటే వాయిదా వేయకండి, ఈ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, పైగా మన తేమకి టేపు బూజు పడుతుంది. స్టూడియో అతను ముందు బూజు శుభ్రం చేసి, టేపంతా ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పాకే రికార్డింగ్ మొదలుపెట్టాడు. ఫైళ్లు ఎంపీ4, 720×576 పిక్సెళ్లు. పాత టేపులో అంతకుమించిన క్లారిటీ ఉండదు, హెచ్‌డీ చేస్తామనేవాళ్లని నమ్మొద్దు.

పాప అన్నప్రాశన వీడియో మాత్రం ఎన్నిసార్లు చూశానో! ముందు పెట్టిన పుస్తకం, పెన్ను, బంగారం అన్నీ వదిలేసి పాక్కుంటూ వెళ్లి వాళ్ల నాన్న వాచీ పట్టుకుంది, వెనకాల మా అత్తగారు "పుస్తకం పట్టుకోవే తల్లీ" అంటున్నారు, అందరం పగలబడి నవ్వుతున్నాం.

"సార్ ఉన్న ముక్కలు తీసేయమంటారా మేడమ్" అని స్టూడియో అతను అడిగాడు. వద్దన్నాను. ఆ రోజు మేం నిజంగానే సంతోషంగా ఉన్నాం, అది పాపకి తెలియాలి. ఒక కాపీ వాళ్ల నాన్నకీ పంపాను.

చెప్పిన రోజుకి ఇవ్వలేదు, అదొక్కటే ఇబ్బంది. ఒరిజినల్ క్యాసెట్లు మాత్రం అడిగి వెనక్కి తీసుకోండి.