ఆరేళ్ల 70-200: వంజంగి మేఘాలు, లెన్సులో బూజు

దూరాన్ని దగ్గరకి లాగే ఈ 70-200 ఎంఎం టెలి జూమ్ లెన్సు షార్ప్‌నెస్ గురించి, ఎఫ్/4 సరిపోతుందా, ఇంకా ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే ఎఫ్/2.8 కావాలా అన్న గొడవ గురించి అందరూ రాసేశారు. అవి వదిలేస్తున్నాను. విసుగెత్తి ఇక ల్యాండ్‌స్కేప్ ఫోటోలు మానేద్దాం అనుకున్న రోజుల్లో నన్ను మళ్ళీ కొండలెక్కించింది ఇదే. ఆ తర్వాత నన్ను వెర్రివాణ్ణి చేసింది కూడా ఇదే.

నిజానికి కొన్నది మా మేనకోడలి కూచిపూడి రంగప్రవేశం కోసం. ఆ ఒక్క సాయంత్రం వాడి బీరువాలో పెట్టేశాను. కొండలకీ సముద్రానికీ దృశ్యమంతా ఒకేసారి పట్టే వైడ్ లెన్సే అని మనకి మొదట్నుంచీ నూరిపోశారు కదా. ఉండేది విశాఖలో. ముందు ఒక రాయి, దాని చుట్టూ పాలలా సాగిన నీళ్ళు, వెనక సూర్యుడు. రుషికొండ అయినా, తెన్నేటి పార్కు అయినా, భీమిలి అయినా ఊరి పేరు మారేది గానీ ఫోటో మారేది కాదు.

ఒక డిసెంబరులో తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కాం. సీజన్‌లో పాడేరు వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ మేఘాల కంటే జనం ఎక్కువ. వైడ్ పెడితే ఫ్రేములో సగం మంకీ క్యాపులే. చిరాకేసి, కనీసం తలల మీదుగా తీయొచ్చని సంచిలో ఉన్న 70-200 తగిలించాను. జూమ్ చివరికంటా లాగి 200 దగ్గర చూస్తే మేఘాల్లోంచి తల బయటపెట్టిన నాలుగు చెట్లు. కాస్త ఎడమకి తిప్పితే, చెరువు కట్ట తెగినట్టు మేఘం ఒక కొండ మూపురం దాటి అవతలి లోయలోకి జారుతోంది. నా పక్కన నిలబడ్డ వందమందీ దాన్ని చూస్తూనే ఉన్నారు, కానీ ఎవరి ఫోన్లోనూ అది పడదు. రెండు గంటలు కూర్చున్న చోటు నుంచి లేవలేదు. టిఫిన్ అయిపోతోందని కింద నుంచి మావాళ్ళు ఒకటే ఫోన్లు.

ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలు సైజు సెన్సారున్న) కెమెరా మీద 200 దగ్గర ఈ లెన్సు మూల నుంచి మూలకి చూసేది 12 డిగ్రీలే. ఎదురుగా ఉన్నదాంట్లో ఏది వద్దో ముందే తేల్చుకోవాలి. నాకు పట్టుకున్న పిచ్చి అదే. తర్వాత భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో ఒకే గెడ్డకి (వాగుకి) పదకొండుసార్లు వెళ్ళాను. వాన వెలిసిన మర్నాడు ఒకసారి, మబ్బు పట్టిన మధ్యాహ్నం ఒకసారి, పొద్దువాలుతుండగా ఏటవాలు ఎండ మట్టి గీతల్ని తవ్వి చూపిస్తున్నప్పుడు మరోసారి. కొత్త ఊరు కోసం పెట్రోలు తగలేసే అలవాటు ఆ ఏడాదితో పోయింది.

రెండేళ్లు వాడాక ఒక సమీక్ష రాశాను. అందులో 'ఎదురు వెలుతురులో దీని మెత్తదనం చూడండి, మంచుని మంచులాగే పడుతుంది' అని తెగ పొగిడాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ రాసిన కొన్నాళ్ళకే, నవంబరులో అవే దిబ్బల దగ్గర ఎండకి ఎదురుగా తీసిన ఫోటోలు కంప్యూటర్లో వేసి చూశాను. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఫోటోల్లో మాత్రం మంచు! లెన్సు ముందువైపు గాజు తుడిచాను. ఫిల్టర్ తీసేశాను. చివరికి లెన్సు వెనక నుంచి టార్చి కొట్టి చూస్తే, లోపలి గాజు మీద సాలెగూడు లాంటి సన్నటి దారాలు. మూత సరిగా పెట్టని ఆవకాయ జాడీలో పట్టినట్టు బూజు. మా ఇంటికి సముద్రం అరకిలోమీటరు. జూన్ నుంచి అక్టోబరు దాకా వాడనప్పుడల్లా మెత్తటి సంచిలో జిప్పు వేసి, చీకటి బీరువాలో దాన్ని భద్రంగా దాచానన్నమాట. తేమ, చీకటి, గాలి ఆడకపోవడం. ఫంగస్‌కి ఇంకేం కావాలి.

అప్పుడు పాత ఫైళ్ళు తీశాను. అందరూ 'ఎంత డ్రీమీగా ఉందో' అని మెచ్చుకున్నవి, నేను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నది, ఎదురు ఎండలో తీసినవన్నీ వరసగా పెడితే నెల నెలా ఆ 'మెత్తదనం' పెరుగుతూ వచ్చింది. వంజంగి మొదటి రోజుది మాత్రం శుభ్రంగా ఉంది, అదొక్కటే ఊరట. ఫ్రేము ఇంకా హాల్లోనే ఉంది, మా ఆవిడ తీయనివ్వలేదు.

రిపేరు చేసినాయన విప్పి శుభ్రం చేసి, 'కోటింగ్ కొంచెం తినేసింది సార్, ఆ మరక పోదు' అన్నాడు. గాజు మీద వెలుతురు చెదరకుండా వేసే పూత అది. పక్క వెలుతురులో తేడా తెలీదు. సూర్యుడికి ఎదురుపెడితే మాత్రం కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, పడిపోతుంది. అందుకే ఇప్పుడు సూర్యోదయానికి సూర్యుడి వైపు తిప్పను, వెలుతురు ఎక్కడ పడుతోందో అటు తిప్పుతాను. లెన్సుకి ఈ జబ్బు రాకపోతే ఆ వైపు చూసేవాణ్ణి కాదేమో. అలాగని మీ లెన్సుకి బూజు పట్టించుకోమని కాదు.

ఇంకొక మాట. టెలి పెడితే చాలు విసుగు పోతుందని అప్పట్లో చాలామందికి చెప్పాను. ఏడాదిన్నర తిరిగేసరికి నా హార్డ్ డిస్కులో నీలం కొండలు పొర మీద పొర, వందల్లో. రాయి, పాలనీళ్ళు పోయి ఇవి వచ్చాయి, అంతే. ఇప్పుడు నెలకి ఒక వారం దీన్ని ముట్టుకోను. మధ్యాహ్నం ఎండలో దూరపు కొండలు తీయడం కూడా దండగ, వేడిగాలికి గీతలన్నీ అలల్లా వణుకుతాయి. నాది స్టెబిలైజేషన్ (వణుకుని సర్దే ఏర్పాటు) లేని పాత రకం కాబట్టి, బీచిలో గాలికి ట్రైపాడ్ మీద కూడా సగం ఫోటోలు పోతాయి.

కొనమంటారా అంటే, నాకు మోకాళ్ళ నొప్పి, ఖాళీ దొరికేది ఆదివారమే, ఉన్నచోటే కూర్చుని తీయడం నాకు కుదిరింది. నడిచి తిరిగేవాళ్ళకి ఈ బరువు భారమే. ముందు ఎవరిదైనా ఒక నెల అడిగి తెచ్చుకోండి. హైదరాబాదు వాళ్ళకి తేమ టెన్షన్ మా అంత ఉండదు. కోస్తాలో ఉంటే మాత్రం లెన్సుతో పాటే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కొనండి. నేను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుతున్నాను. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా వద్దు, ఆ పొడి లోపలికి పోతుంది.

నా డబ్బాలో సిలికా జెల్ నీలం గింజలు తేమ పీల్చుకుని ఈ వారం మళ్ళీ గులాబీ రంగుకి తిరిగాయి. వాటికోసమే విడిగా ఉంచిన పాత మూకుడు ఒకటి ఉంది. కార్తీకం వచ్చేలోపు వేడిచేసి పెట్టాలి.